తెలిసిన లోపాల జాబితా ఎవరి చేతిలో ఉండాలి?

2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయంలో ఇండిగో సిబ్బంది పెన్నులు పట్టుకుని బోర్డింగ్ పాసులు రాసిచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్తున్న ఒక ప్రయాణికుడు తన చేతిరాత పాసును ఫొటో తీసి పెడితే, అది ఆ రోజంతా ఫోన్లలో తిరిగింది. తప్పు ఇండిగోది కాదు, విమానాశ్రయానిదీ కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికన్ సైబర్ సెక్యూరిటీ కంపెనీ మన టైము ప్రకారం ఉదయం 9.39కి ఒక చిన్న ఫైలు పంపింది, 10.57కి వెనక్కి తీసుకుంది. ఆ 78 నిమిషాల పుణ్యమా అని, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెర చూపించి కూలబడ్డాయి.

ఆ తర్వాత కంపెనీ చేసిన పని మెచ్చుకోదగ్గదే. ఆగస్టు 6న అసలు కారణాన్ని పూసగుచ్చినట్టు రాసి బయటపెట్టింది. కొత్త ఫైలు 21 విలువలు ఉంటాయనుకుని తయారైంది. కంప్యూటర్లో ఉన్న ప్రోగ్రాం మాత్రం 20 విలువలే అందిస్తోంది. అంతకుముందు జరిగిన పరీక్షలన్నిటిలో ఆ 21వ గడికి ‘ఏదున్నా ఫరవాలేదు’ అన్న గుర్తే పెట్టారు కాబట్టి, దాన్ని తెరిచి చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. జులై 19న పంపిన ఫైలు మొదటిసారిగా ఆ గడిలోకి తొంగిచూసింది. అక్కడ ఏమీ లేదు. ప్రోగ్రాం నడిచేది విండోస్ గుండెకాయలో కనుక మొత్తం యంత్రమే ఆగిపోయింది. పైగా ఫైలును ముందు కొద్దిమందికి పంపి చూసి ఆ తర్వాత మిగతావాళ్లకు పంపే అలవాటు ఇలాంటి ఫైళ్ల విషయంలో లేదు. ఇదంతా కంపెనీయే చెప్పింది. ఇకమీదట దశలవారీగా పంపుతామని, ఎప్పుడు తీసుకోవాలో ఖాతాదారు నిర్ణయించుకోవచ్చని కూడా చెప్పింది. అదే నెలలో కంపెనీ ప్రెసిడెంట్ మైకేల్ సెంటోనాస్ లాస్‌వేగాస్ వెళ్లి, హ్యాకర్ల సభలో ‘అతి ఘోర వైఫల్యం’ అవార్డును స్వయంగా అందుకున్నాడు. సభ చప్పట్లు కొట్టింది.

అయితే ఆ నివేదికకు రెండు రోజుల ముందు, ఆగస్టు 4న, అదే కంపెనీ లాయర్లు ఇంకో కాగితం రాశారు. అయిదు రోజుల్లో ఏడు వేల దాకా విమానాలు రద్దుచేసుకున్న డెల్టా ఎయిర్‌లైన్స్, తనకు 50 కోట్ల డాలర్ల నష్టం వచ్చిందంటోంది. ఒప్పందం ప్రకారం తమ బాధ్యత కోటి డాలర్లు కూడా దాటదని ఆ ఉత్తరం సారాంశం. డెల్టా పడ్డ కష్టాలకు డెల్టాయే కారణమన్న సన్నాయినొక్కు కూడా అందులో ఉంది. వ్యవహారం కోర్టుకెక్కింది.

రెండు కాగితాలూ ఒకే ఇంటివి. సాఫ్ట్‌వేర్ కంపెనీల పారదర్శకత గురించి మాట్లాడేటప్పుడు రెండిటినీ పక్కపక్కన పెట్టుకోవాలి. తప్పు బయటపెడితే నమ్మకం తిరిగొస్తుంది, నమ్మకం నిలబెట్టుకోవాలన్న పట్టుదలతో నాణ్యత పెరుగుతుంది అన్న వాదన ఇప్పుడు పరిశ్రమలో దాదాపు మంత్రమైపోయింది. ఇందులో మొదటి సగంలో కొంత నిజం ఉంది. రెండో సగం దానంతటది జరిగిపోయేది కాదని నా అభిప్రాయం. క్రౌడ్‌స్ట్రైక్ సంగతే తీసుకోండి. ఆ తర్వాతి త్రైమాసికాల్లో దాదాపు 97 శాతం ఖాతాలు తమతోనే ఉన్నాయని కంపెనీ ప్రకటించింది. అది నిజాయితీకి దక్కిన ఫలితమా, వేల కంప్యూటర్లలో పాతుకుపోయిన ప్రోగ్రాంను ఊడబెరకడం ఎవరివల్లా కాకపోవడమా, ఆ సమయంలో ఇచ్చిన అదనపు సదుపాయాల మహిమా? లెక్కలో విడదీయలేం.

ముందు పారదర్శకత వైపు బలంగా నిలబడే సాక్ష్యం చూద్దాం. అది దాపరికం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పే బ్రిటన్ పోస్టాఫీసు కథ. ఫుజిత్సు తయారుచేసిన హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌ను 1999 నుంచి అక్కడి పోస్టాఫీసుల్లో పెట్టారు. సాయంత్రం లెక్క తేలకపోతే ఆ తేడాను పోస్టాఫీసు నడిపేవాళ్లే కట్టాలి. కట్టలేనివాళ్ల మీద దొంగతనం, తప్పుడు లెక్కల కేసులు పెట్టారు. 2015 దాకా 900 మందికి పైగా దోషులయ్యారు. వాళ్లలో ఎక్కువమందిపై కేసులు నడిపింది పోస్టాఫీసు సంస్థే. 1999 నాటి చట్టసవరణ తర్వాత ఇంగ్లండ్ కోర్టులు కంప్యూటర్ సరిగానే పనిచేస్తోందని ముందుగా నమ్ముతాయి. కాదని నిరూపించుకోవాల్సిన భారం ముద్దాయిది. నిరూపించడానికి కావలసిన కాగితాలు మాత్రం అవతలివాళ్ల దగ్గర ఉన్నాయి.

ఉన్నాయంటే, నిజంగానే ఉన్నాయి. ‘నోన్ ఎర్రర్ లాగ్’ పేరుతో తెలిసిన లోపాల చిట్టా ఒకటి ఫుజిత్సు దగ్గర వేల పద్దులతో పెరుగుతూనే ఉంది. ఆ మాటకొస్తే మంచి ఇంజినీరింగ్ అలవాటే అది. 2010లో పదుల కొద్దీ శాఖల్లో రశీదులకీ చెల్లింపులకీ పొంతన కుదరని లోపం ఒకటి బయటపడింది. దాని మీద పోస్టాఫీసువాళ్లూ ఫుజిత్సువాళ్లూ కూర్చుని మాట్లాడుకున్నదాని నోట్సు తర్వాత కోర్టుకు చేరింది. ఈ సంగతి శాఖలకు తెలిస్తే హొరైజన్ మీద నమ్మకం పోతుందనీ, నడుస్తున్న కేసుల మీద ప్రభావం పడుతుందనీ అందులో రాసుకున్నారు. నమ్మకాన్ని కాపాడాలనే నోరు మూసుకున్నారన్నమాట! అదే ఏడాది నవంబరులో సర్రేలోని వెస్ట్ బైఫ్లీట్ పోస్టాఫీసు నడిపిన సీమా మిశ్రాకు 15 నెలల జైలు పడింది. 74 వేల పౌండ్లు కాజేసిందన్నది అభియోగం. అప్పటికి ఆమె గర్భిణి. ఆ ప్రత్యేక లోపం ఆమె శాఖలో వచ్చింది కాదు. కానీ ఆమె వాదనంతా ఈ సాఫ్ట్‌వేర్‌ను నమ్మలేమన్న మాట మీదే నడుస్తుంటే, పదుల శాఖల్లో లెక్క తప్పిందన్న సంగతి ఆమె తరఫు వాళ్లకు చెప్పలేదు. 2019 డిసెంబరులో జస్టిస్ ఫ్రేజర్ ఇచ్చిన తీర్పు హొరైజన్ లోపాలను ఒక్కొక్కటిగా విప్పి చూపింది. 2021 ఏప్రిల్లో అప్పీలు కోర్టు కొట్టేసిన 39 శిక్షల్లో సీమా మిశ్రాదీ ఒకటి. మిగతావాళ్లలో చాలామంది శిక్షలు రద్దు చేయడానికి 2024లో పార్లమెంటు ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

ఈ కథలో క్షమాపణలు ఆలస్యంగా రావడం కన్నా, చిట్టా సొరుగులోంచి బయటికి రాకపోవడమే నాకు పెద్ద నేరంగా కనిపిస్తుంది. క్షమాపణ అన్నీ అయిపోయాక వచ్చేది. చిట్టా 2000లోనో 2005లోనో ఒక పోస్టాఫీసు కౌంటరు వెనక ఉన్న మనిషికి చేరి ఉంటే, ‘మీ ఒక్కరికే ఈ సమస్య’ అని హెల్ప్‌లైన్ చెప్పినప్పుడు అతను ‘కాదు’ అనగలిగేవాడు.

ఇక ఎదుటి పక్షం. దాన్ని వినేటప్పుడు కంపెనీల స్వార్థం అని కొట్టిపారేయడం తేలిక. కానీ మాదాపూర్, గచ్చిబౌలిలో రాత్రి రెండింటికి, సిస్టం పడిపోతే అందరూ కలిసే బ్రిడ్జ్ కాల్‌లో కూర్చునేవాళ్లను అడిగితే ఈ వాదనకు ఒక వేరే ముఖం కనిపిస్తుంది. అమెరికా క్లయింట్ సిస్టం పడిపోతుంది. అత్యవసరమని గుర్తుపెట్టిన పీ1 టికెట్ తెరుచుకుంటుంది. ఎలాగోలా లేపుతారు. తెల్లారేసరికి మెయిల్ వస్తుంది: 48 గంటల్లో ఆర్‌సీఏ కావాలి, అంటే అసలు కారణం రాసివ్వాలి. రాస్తారు. అయితే ఆ కాగితం క్లయింటు చేతికి వెళ్తుందని, దాన్ని బట్టి పెనాల్టీ పడొచ్చని, వచ్చే ఏడాది కాంట్రాక్టు మాటల్లో అది బల్లమీదకు వస్తుందని రాసేవాడికి తెలుసు. అందుకే నాలుగుసార్లు మేనేజర్ల చేతులు మారి చివరికి మిగిలేది ఇది: ‘మాన్యువల్ ఎర్రర్. సంబంధిత అసోసియేట్‌కు మళ్లీ శిక్షణ ఇచ్చాం. చెక్‌లిస్టులో ఒక అంశం చేర్చాం.’ ఖర్చు తగ్గించడానికి టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌ను ఆర్నెల్ల క్రితమే మూసేశారన్న సంగతి అందులో ఉండదు. రిలీజ్ తేదీ సేల్స్‌వాళ్లు ముందే ఇచ్చేశారన్నదీ ఉండదు. అడిగింది పారదర్శకతే, దొరికింది ఒక కుర్రాడి తలకాయ.

శిక్ష భయంతో అడిగే పారదర్శకత కాగితాలను శుభ్రం చేస్తుంది తప్ప సాఫ్ట్‌వేర్‌ను కాదు. నిజాలు మెయిల్లోంచి ఫోన్లోకి, ఫోన్లోంచి టీ కొట్టు దగ్గరికి జారుకుంటాయి. ఇది చాలా బలమైన అభ్యంతరం. దీనికి పరిశ్రమ కనుక్కున్న మందు, నింద లేని విచారణ. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే కంపెనీ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు నకలు సర్వరనుకుని అసలు సర్వర్లోని డేటాబేస్‌ను చెరిపేశాడు. తేరుకుని ఆపేసరికి 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. ఉన్నాయనుకున్న అయిదు రకాల బ్యాకప్పుల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు. ఒకటైతే చాలాకాలంగా విఫలమవుతూనే ఉంది, ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు దారిలోనే తిరస్కరణకు గురై ఎవరికీ అందలేదు. ఆ ఇంజినీరే ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిపెట్టుకున్న నకలు దిక్కయింది. కంపెనీ తన మరమ్మతు పనినంతా యూట్యూబ్‌లో ప్రత్యక్షప్రసారం చేసింది. వేలమంది చూశారు. ఆ తర్వాతి నివేదికలో అతని పేరు కూడా రాయలేదు. ప్రశ్న ‘ఎవరు చెరిపారు’ అన్నదగ్గర ఆగకుండా ‘బ్యాకప్ పనిచేయట్లేదని ఎవరికీ ఎందుకు తెలియలేదు’ అన్నదగ్గరికి వెళ్లింది. అయినా ఒక మాట అనుకోవాలి. ఉద్యోగం పోతుందన్న భయం సిబ్బందికి లేని కంపెనీకి ఇది కుదిరింది. కాంట్రాక్టు గొలుసులో నాలుగో మెట్టు మీద ఉన్నవాడికి ఇదే ధైర్యం ఉండాలనడం న్యాయం కాదు.

రెండో అభ్యంతరం భద్రత. దొంగకు పనికొచ్చే లోపాన్ని సరిచేయకముందే చాటడం తెలివితక్కువ. గూగుల్‌లోని ప్రాజెక్ట్ జీరో బృందం లోపం దొరికితే ముందు కంపెనీకి చెప్పి, సాధారణంగా 90 రోజులు గడువిచ్చి, ఆ తర్వాత బయటపెడుతుంది. ఇది సబబైన పద్ధతి. దీని గురించి పెద్దగా వాదించాల్సింది లేదు. కాకపోతే ‘భద్రతా కారణాలు’ అన్న దుప్పటి కింద మామూలు లోపాలను కూడా దాచేయడం మనం రోజూ చూస్తున్నదే. లెక్క తప్పడం, అలారం మోగకపోవడం, డబ్బు మధ్యలో ఇరుక్కోవడం, వీటిని చెబితే ఏ దొంగకూ తాళంచెవి ఇచ్చినట్టు కాదు.

మూడోది నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ అనే వెబ్‌సైట్ల రక్షణ సంస్థ తన వైఫల్యాల గురించి రాసినంత నిజాయితీగా రాసేవాళ్లు అరుదు. 2019 జులై 2న ఒక్క నమూనా వాక్యం, అంటే ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, వాళ్ల సర్వర్లన్నిటినీ ఊపిరాడకుండా చేసి 27 నిమిషాలు ఇంటర్నెట్‌లో పెద్ద భాగాన్ని పడగొట్టింది. ఆ వాక్యంలో ఏ అక్షరం దగ్గర చిక్కు పడిందో కూడా వాళ్లు పాఠంలా రాశారు. ఆ మార్పు ప్రపంచమంతటికీ ఒకేసారి వెళ్లడం తప్పని ఒప్పుకున్నారు. 2025 నవంబరు 18న మళ్లీ పడింది. ఈసారి డేటాబేస్ అనుమతుల్లో చేసిన మార్పు వల్ల ఒక ఫైలు రెట్టింపై 200 అంశాల హద్దు దాటింది. అదీ ప్రపంచమంతటికీ గబగబా పాకింది. చాట్‌జీపీటీ, ఎక్స్ వంటివి ఆగిపోయాయి. అదే రోజు సీఈఓ మాథ్యూ ప్రిన్స్ పేరుతో, తప్పు చేసిన కోడు ముక్కతో సహా వివరణ వచ్చింది. మొదట దాడి జరిగిందనుకుని పొరబడ్డామని కూడా రాశారు. మూడు వారాలు తిరక్కుండా, డిసెంబరు 5న, ఇంకోటి. పాతిక నిమిషాలు. మళ్లీ దశలవారీగా కాక ఒక్కసారిగా అంతటికీ వెళ్లే మార్పే.

మూడు వివరణలూ చదవడానికి బాగుంటాయి. మూడిటిలోనూ ఒకే పాఠం ఉంది. దీన్నిబట్టి వాళ్లది కంటితుడుపు అనను. ఆ స్థాయిలో పనిచేసే వ్యవస్థలు ఎంత జాగ్రత్తపడ్డా కొత్తదారి వెతుక్కుని పడతాయి. దాడులను అడ్డుకోవాలంటే కొన్ని మార్పులు క్షణాల్లో అంతటికీ చేరాల్సిందే కూడా. కానీ బాగా రాసిన పశ్చాత్తాపానికి ఒక ప్రమాదం ఉంది. చదివినవాడి కోపం చల్లారుతుంది. రాసినవాడికి పని అయిపోయినట్టు అనిపిస్తుంది. ఏళ్ల కిందట ఒప్పుకున్న పాఠాన్ని ఇన్నాళ్లూ ఎందుకు పూర్తిచేయలేదని అడిగేవాడు లేకపోతే, పారదర్శకత ఒక సాహిత్య ప్రక్రియగా మిగులుతుంది.

సోనోస్ కథ ఈ రెండు పక్షాలకూ మధ్యన ఉంది. ఇళ్లల్లో పాటలు వినే ఖరీదైన స్పీకర్ల కంపెనీ అది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు పేరు తెలిసే ఉంటుంది. 2024 మే 7న పాత యాప్ తీసేసి కొత్తది పెట్టారు. అందులో అలారం లేదు. స్లీప్ టైమర్ లేదు. వరసలో పెట్టుకున్న పాటలు మార్చుకునే వీల్లేదు. చూపులేనివాళ్లకు తెర చదివి వినిపించే సదుపాయం దెబ్బతింది. వేలు పోసి కొన్న స్పీకర్లు మూగబోయాయని జనం మండిపడ్డారు. జులై 25న సీఈఓ పాట్రిక్ స్పెన్స్ క్షమాపణ చెబుతూ ఏ నెలలో ఏది బాగుచేస్తారో జాబితా ఇచ్చాడు. ఆ తర్వాత పనుల పట్టికను ఎవరైనా చూడగలిగేలా బయట పెట్టారు. పాత యాప్‌నే తిరిగి ఇద్దామని పరీక్షించి చూశామనీ, దానివల్ల ఇంకా చెడేలా ఉందనీ దాచకుండా చెప్పారు. బాగుచేయడానికి రెండు మూడు కోట్ల డాలర్లు అవుతుందన్నారు. మధ్యలో వందమంది దాకా ఉద్యోగులను ఇంటికి పంపారు. అక్టోబరులో మరికొన్ని హామీలిచ్చారు: పెద్ద మార్పులు క్రమంగా తెస్తాం, నాణ్యత కోసం ఒక అంబుడ్స్‌పర్సన్‌ను పెడతాం, స్పీకర్ల వారంటీ ఏడాది పెంచుతాం, యాప్ నాణ్యత మెరుగుపడకపోతే పై అధికారులు ఆ ఏడాది బోనస్ తీసుకోరు. 2025 జనవరిలో స్పెన్స్ పదవి వదిలాడు.

ఆ హామీల్లో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచినవి చివరి రెండూ. మిగతావి మాటలు, ఇవి డబ్బు. మాట తప్పితే తమ జేబుకు చిల్లు పడుతుందని రాసి ఇచ్చినప్పుడే కొనుక్కున్నవాడి చేతికి ఒక పట్టు దొరుకుతుంది. కానీ ఈ కథలో అసలు చిక్కు వేరే చోట ఉంది. యాప్ సిద్ధంగా లేదని లోపల పనిచేసేవాళ్లు ముందే హెచ్చరించారని అప్పట్లో పత్రికలు రాశాయి. అదే నిజమైతే జులైలో వీధిలో పెట్టిన జాబితాను ఏప్రిల్లో సొంత ఇంట్లో వినిపించుకోలేదన్నమాట. అప్పుడు విని ఉంటే బయట చెప్పుకోవాల్సిన అవసరమే రాకపోయేది. కస్టమర్‌కు చూపించే పారదర్శకత గొప్పదే. టెస్టర్ ‘ఇది రిలీజ్ చేయొద్దు’ అంటే ఆ మాట ఎంత పైదాకా వెళ్తుందన్నదే నాణ్యతను తేల్చేది. అమీర్‌పేట గోడల నిండా టెస్టింగ్ కోర్సుల బోర్డులున్న ఊళ్లో ఈ విషయం ఇంకా గట్టిగా మాట్లాడుకోవాలి. లోపం పట్టుకోవడం ఎలాగో నేర్పే కోర్సులు కోకొల్లలు. పట్టుకున్నాక మేనేజర్ ‘నెక్స్ట్ రిలీజ్‌లో చూద్దాం’ అంటే ఏం చేయాలో నేర్పే కోర్సు ఉన్నట్టు లేదు.

మన దగ్గర వాడుకలో ఉన్న పారదర్శకత ఎలా ఉందో చూడాలంటే ఫోన్లో ఏ యాప్ అప్‌డేట్ అయినా తెరవండి. ‘బగ్ ఫిక్సెస్ అండ్ పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్స్.’ ఏ బగ్గు, ఎవరిని పీడించింది, ఎన్నాళ్లుగా? ఏమీ ఉండదు. 2025 ఏప్రిల్ 12 శనివారం యూపీఐ గంటల తరబడి మొరాయిస్తే దాన్ని నడిపే ఎన్‌పీసీఐ మొదట చెప్పింది ‘ఇంటర్మిటెంట్ టెక్నికల్ ఇష్యూస్’ అనే. కూరగాయల బండి దగ్గర క్యూఆర్ స్కాన్ చేసి, ‘నా ఖాతాలో కట్టయింది’ అని ఈయనంటే, ‘నాకు సౌండ్ బాక్స్ పలకలేదు సార్’ అని ఆయనంటుంటే, ఆ మాట ఎవరికి పనికొస్తుంది?

ఎన్‌పీసీఐకి న్యాయం కూడా చేయాలి. ఏ బ్యాంకులో ఎంత శాతం యూపీఐ లావాదేవీలు సాంకేతిక కారణాలతో విఫలమయ్యాయో అది నెలనెలా తన వెబ్‌సైట్‌లో పట్టికగా పెడుతుంది. పక్క బ్యాంకుతో పోల్చి చూడొచ్చు. నాటకీయత లేదు, కన్నీళ్లు లేవు, ఒక అంకె ఉంది. ఇలాంటి పట్టికే సిసలైన పారదర్శకత అంటాను. బ్యాంకు అధికారికి అది సిగ్గు తెప్పిస్తుంది, సామాన్యుడికి ఎంచుకునే వీలిస్తుంది. కానీ దాన్ని తెరిచి చూసేవాళ్లెంతమంది? బ్యాంకు మార్చుకోవడం ఎంతమందికి సాధ్యం? జీతం ఖాతా కంపెనీ చెప్పిన చోట, పింఛను ఖాతా ప్రభుత్వం వేసిన చోట. అంకె తెలిసినా చేయగలిగింది తక్కువైనప్పుడు ఆ పట్టిక ఒక్కటే చాలదు.

అందుకే రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఒక సర్క్యులర్ నాకు ఈ వాదనలన్నిటికన్నా సూటిగా అనిపిస్తుంది. యూపీఐలో ఒకరి ఖాతా నుంచి ఇంకొకరి ఖాతాకు పంపిన డబ్బు కట్టయి అవతల పడకపోతే, మర్నాటికల్లా దానంతటదే వెనక్కి రావాలి. దుకాణానికి కట్టినదైతే అయిదు రోజులు గడువు. దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం. ఖాతాదారు ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా బ్యాంకే వేయాలి. ఇక్కడ ఎవరూ కారణాలు వివరించనక్కర్లేదు, చింతిస్తున్నామనీ అనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ ఎంత బాగుందో బ్యాంకు ఖర్చుల పద్దులోనే తేలుతుంది. ఈసారి మీ డబ్బు ఆలస్యంగా తిరిగొస్తే స్టేట్‌మెంట్‌లో ఆ వందలు పడ్డాయో లేదో చూడండి. పడకపోతే బ్యాంకుకు రాసి అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు, దానికి ఫీజు లేదు.